మెహర్‌బాయి టాటా: ఒలింపిక్ టెన్నిస్ జట్టులో నిలిచిన తొలి భారతీయ మహిళ

జంషెడ్‌పూర్ నగరానికి తూర్పు దిక్కున, టెల్కో కాలనీకి ఆనుకొని బిర్సానగర్ ఉంటుంది. గిరిజన యోధుడు బిర్సా ముండా పేరు పెట్టుకున్న ఈ వాడలో వీధి పేరుకంటే జోన్ సంఖ్య చెబితేనే ఇల్లు త్వరగా దొరుకుతుంది. 2019లో మాడ్రిడ్‌లో జరిగిన ప్రపంచ యువ విలువిద్య పోటీల్లో స్వర్ణ పతకం గెలిచి, రెండేళ్ల తరువాత పోలండ్‌లో పై వయోవిభాగంలోనూ ప్రపంచ విజేతగా నిలిచిన కోమలిక బారి ఈ బిర్సానగర్ అమ్మాయే. టాటా ఆర్చరీ అకాడమీలో ఆమె శిక్షణ పొందింది. ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఈ ఊరిలో ఆటస్థలాలకు మొదటి నుంచీ చోటు ఉంది. కర్మాగారానికి స్థలం కూడా ఖాయం కాని రోజుల్లోనే, 1902లో, జంషెడ్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి రాసిన లేఖలో విశాలమైన వీధులూ నీడనిచ్చే చెట్లతోపాటు ఫుట్‌బాల్, హాకీ మైదానాలకూ స్థలం విడిచిపెట్టమని కోరాడు.

ఆ లేఖ అందుకున్న దొరాబ్జీ భార్య మెహర్‌బాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి తరతరాల క్రితం వలస వెళ్లి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆమె పేరు కొత్తది కాదు. ఆ నగరంలోని కేన్సర్ ఆసుపత్రి ఆమె పేరు మీదే ఉంది. అయితే మెహర్‌బాయి అనగానే చాలామందికి స్ఫురించేది ఒక వజ్రం. కష్టకాలంలో కర్మాగారాన్ని నిలబెట్టడానికి తాకట్టుకు వెళ్లిన ఆ వజ్రం కథ ఎన్నోసార్లు చెప్పుకున్నదే. అదే సంవత్సరం, అదే మహిళ, నలభై నాలుగేళ్ల వయసులో పారిస్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున టెన్నిస్ బృందంలో ఉన్నారన్న విషయం మాత్రం ఆ కథ అంచున ఒక వాక్యంగా మిగిలిపోయింది. ఆ వరుసను కాస్త తారుమారు చేసి, ముందు క్రీడాకారిణి గురించి చెప్పుకోవడం న్యాయం.

మైసూరు బాల్యం

మెహర్‌బాయి 1879 అక్టోబరు 10న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి హోర్ముస్జీ జె. భాభా ఉన్నత విద్య కోసం ఇంగ్లండ్ వెళ్లి వచ్చిన తొలితరం పార్సీల్లో ఒకరు. ఉద్యోగరీత్యా ఆయన మైసూరు సంస్థానానికి రావడంతో ఆమె బాల్యమంతా బెంగళూరు, మైసూరు నగరాల్లో గడిచింది. బెంగళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలో చదువుకున్నారు. తండ్రి తరువాత మైసూరు మహారాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా, ఆపైన సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఇంటి నిండా పుస్తకాలు. ఆంగ్ల సాహిత్యం, పియానో, గుర్రపుస్వారీ, టెన్నిస్ ఆమెకు ఆ ఇంటి వాతావరణంలోనే అలవడ్డాయి. ఆడపిల్లకు ఆట ఎందుకన్న ప్రశ్న అప్పటి దేశంలో అత్యధిక గృహాల్లో సహజమైనదే. ఆ ప్రశ్న వినిపించని కొద్ది ఇళ్లలో భాభాల ఇల్లు ఒకటి.

ఆమె సోదరుడు జహంగీర్ కుమారుడే అణుశాస్త్రవేత్త హోమీ జహంగీర్ భాభా. మేనత్త ఇంట్లో, బొంబాయిలోని ఎస్‌ప్లనేడ్ హౌస్‌లో, ఉక్కు గురించీ విద్యుత్తు గురించీ పెద్దలు జరిపే చర్చలు వింటూ ఆయన పెరిగారని భాభా జీవితచరిత్రకారులు నమోదు చేశారు.

పెళ్లి సంబంధం కుదిరిన తీరులో పెద్దాయన చాతుర్యం కనిపిస్తుంది. మైసూరు వెళ్లినప్పుడు జంషెడ్జీ టాటా భాభా కుటుంబాన్ని కలిశారు, ఆ ఇంటి అమ్మాయిని చూశారు. కొంతకాలానికి పెద్ద కుమారుణ్ణి మైసూరు వెళ్లినప్పుడు భాభాగారిని తప్పక కలవమని చెప్పి పంపారు. దొరాబ్జీకి తండ్రి ఉద్దేశం అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టలేదు. 1898 ఫిబ్రవరి 14న వారి వివాహం జరిగింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు, ఆయనకు ముప్ఫై ఎనిమిది. ఇద్దరి మధ్య ఇరవయ్యేళ్ల అంతరం ఉన్నా, ఇద్దరినీ కలిపినది ఆట. దొరాబ్జీ కేంబ్రిడ్జిలో చదివిన రెండేళ్లలో క్రికెట్, ఫుట్‌బాల్‌లలో పేరు తెచ్చుకున్నారు. టెన్నిస్ మీద మక్కువ, గుర్రపుస్వారీలో నేర్పు ఆయనకూ ఉన్నాయి. ఈ దంపతులకు సంతానం కలగలేదు.

అరవైకి పైగా బహుమతులు

మెహర్‌బాయి పుట్టేనాటికి లాన్ టెన్నిస్ వయసు ఐదేళ్లే. 1874లో మేజర్ వింగ్‌ఫీల్డ్ ఇంగ్లండ్‌లో ఈ ఆటకు పేటెంటు తీసుకున్నాడు. 1877లో వింబుల్డన్ పోటీలు మొదలయ్యాయి. స్త్రీలకు అక్కడ ప్రవేశం దొరికింది 1884లో. సైనికాధికారుల వెంట, కలెక్టర్ల వెంట ఈ ఆట భారతదేశపు జింఖానాలకు చేరింది. అనేక క్లబ్బుల్లో భారతీయులకు సభ్యత్వమే లేని కాలమది. లాహోరులో, అలహాబాదులో, బొంబాయిలో పోటీలు జరిగేవి. మహిళల విభాగాల్లో ఆడేది ప్రధానంగా ఆంగ్లేయ అధికారుల భార్యలూ కుమార్తెలూ.

అటువంటి కోర్టుల్లోకి ఒక పార్సీ యువతి చీరకట్టుతో దిగింది. వెస్టర్న్ ఇండియా టెన్నిస్ పోటీల్లో ఒకే ఏడాది మూడు టైటిళ్లు చేజిక్కించుకొని ట్రిపుల్ క్రౌన్ విజేత అయ్యారు. క్రీడాజీవితం మొత్తంలో ఆమె గెలుచుకున్న బహుమతులు అరవైకి పైబడి ఉంటాయి. ఈ సంఖ్యను ఆషామాషీగా తీసుకోకూడదు. నెలకో దేశం తిరుగుతూ ఆడే పోటీల పరంపర అప్పుడు లేదు. ఏడాదిలో జరిగేవే కొన్ని. ఓడ మీద ప్రయాణాలు, సామాజిక బాధ్యతలు, భర్తతోపాటు వ్యాపార పర్యటనలు, వీటన్నిటి నడుమ సంవత్సరాల తరబడి సాధన చేస్తే తప్ప అన్ని బహుమతులు ఒకరి ఇంటికి చేరవు.

అన్ని పోటీలూ ఆమె చీరలోనే ఆడారు. పార్సీ కట్టులో కొంగు వీపు మీదుగా కుడి భుజం పైకి వచ్చి ముందుకు జారుతుంది. బరువైన చెక్క రాకెట్‌తో, పాదాల దాకా కుచ్చెళ్లతో, గడ్డి కోర్టు మీద నెట్ వరకు పరుగెత్తడం ఎంత కష్టమో టెన్నిస్ ఆడినవారికి చెప్పనక్కరలేదు. అయితే ఆనాటి ఐరోపా మహిళల దుస్తులు అంతకంటే సుఖంగా ఉండేవనుకుంటే పొరపాటు. వారూ చీలమండల దాకా స్కర్టులు, లోపల బిగుతైన కార్సెట్లు వేసుకొనే ఆడేవారు. 1919లో ఫ్రాన్స్ క్రీడాకారిణి సుజాన్ లాంగ్లెన్ పిక్కల వరకే ఉన్న స్కర్టుతో వింబుల్డన్‌లో ఆడినప్పుడు జనం నివ్వెరపోయారు. మెహర్‌బాయికి చీర అలవాటు మాత్రమే కాదు, ఎంచుకున్న వేషం కూడా. విదేశాల్లో రాజదర్బారులకు వెళ్లినా, సభల్లో ప్రసంగించినా, కోర్టులో దిగినా ఆమె దుస్తులు మారలేదు.

ఇక్కడ ఒక వివరణ అవసరం. నేటి అర్థంలో ఆమె వృత్తి క్రీడాకారిణి కారు. ఆ మాటకొస్తే అప్పట్లో పేరున్న టెన్నిస్ ఆటగాళ్లెవరూ కారు. ఆటకు డబ్బు తీసుకున్నవారికి పెద్ద పోటీల తలుపులు మూసేసేవారు. 1926లో లాంగ్లెన్ డబ్బు తీసుకొని అమెరికాలో ప్రదర్శన పోటీలు ఆడటానికి ఒప్పుకున్నప్పుడు ఆమెకూ అదే శిక్ష పడింది. వృత్తి క్రీడాకారులకు వింబుల్డన్ ద్వారాలు తెరుచుకున్నది 1968లోనే. కాబట్టి ఆట అప్పట్లో సంపన్నులకే సాధ్యమన్న విమర్శ సరైనదే, మెహర్‌బాయికీ అది వర్తిస్తుంది. బిర్సానగర్ వంటి వాడలో పుట్టిన ఆడపిల్ల 1924లో రాకెట్ చూసి ఉండే అవకాశమే లేదు. అయితే సంపద రాకెట్‌ను కొనిపెడుతుంది, పాయింట్లను కాదు. ఆ అరవై బహుమతులూ ఆమె ఆడి గెలిచినవి.

పారిస్, 1924

ఒలింపిక్ ఉద్యమంతో ఈ దంపతుల బంధం అంతకు నాలుగేళ్ల ముందే ముడిపడింది. 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌కు భారత క్రీడాకారులను పంపడానికి దొరాబ్జీ సొంత డబ్బు వెచ్చించారు. ఆ ఏడాదే అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో సభ్యులయ్యారు. 1927లో భారత ఒలింపిక్ సంఘం ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. దొరాబ్జీకి భార్య అయినందువల్లే ఆమెకు జట్టులో చోటు దొరికిందన్న అనుమానం ఎవరికైనా కలగవచ్చు. ఆ అనుమానానికి జవాబు ఆమె గెలుచుకున్న బహుమతుల్లోనే ఉంది.

1924 జులైలో పారిస్ శివారు కొలంబ్‌లో ఒలింపిక్ టెన్నిస్ పోటీలు జరిగాయి. భారత బృందంలో పంజాబ్‌కు చెందిన ఐసీఎస్ అధికారి సిడ్నీ జేకబ్, లాహోరు న్యాయవాది మహమ్మద్ స్లీమ్, అతర్ అలీ ఫైజీ, హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ మహమ్మద్ హాదీ ఉన్నారు. మహిళల్లో నోరా పోలీ, మెహర్‌బాయి. జేకబ్‌తో పోలీ, స్లీమ్‌తో మెహర్‌బాయి మిక్స్‌డ్ డబుల్స్ జంటలు. ఒలింపిక్ పట్టికల్లో ఆమె పేరు మెహ్రీ టాటా అని ఉంటుంది. ఈ కారణంగానే కావచ్చు, ఆ మెహ్రీ, ఈ లేడీ టాటా ఒకరేనని చాలాకాలం చాలామందికి తట్టలేదు.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే పేరు హాదీ. క్రికెట్, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, పోలో, చదరంగం, ఏడింటా దిట్ట కావడంతో ఆయనను రెయిన్‌బో హాదీ అని పిలిచేవారు. పదేళ్ల తరువాత రంజీ ట్రోఫీ తొలి సీజన్‌లో తొలి శతకం చేసినదీ ఆయనే. హైదరాబాదు క్రీడా చరిత్రలో ఆయనది విడిగా రాయదగిన కథ.

పారిస్‌లో ఏర్పాట్లు సరిగా లేవని ఆటగాళ్లు విసుక్కున్నారు. ఎండ, అరకొర వసతులు, పక్కనే ప్రధాన స్టేడియంలో అథ్లెటిక్స్ పోటీల సందడి. పురుషుల సింగిల్స్‌లో జేకబ్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి ఫ్రాన్స్ మేటి ఆటగాడు జాన్ బొరోత్రా చేతిలో ఐదు సెట్ల పోరాటంలో ఓడిపోయారు. మహిళల సింగిల్స్ స్వర్ణం అమెరికాకు చెందిన హెలెన్ విల్స్‌కు, మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం హేజల్ వైట్‌మన్, నోరిస్ విలియమ్స్ జంటకు దక్కాయి. భారత్‌కు పతకం రాలేదు. అయినప్పటికీ ఒలింపిక్ టెన్నిస్ జట్టులో నిలిచిన తొలి భారతీయ మహిళగా మెహర్‌బాయి చరిత్రకెక్కారు.

ఆ తరువాత జరిగిన విషయం ఆమె ఆటను మరింత మరుగున పడేసింది. అమెచ్యూర్ నిబంధనలపై టెన్నిస్ సమాఖ్యకూ ఒలింపిక్ సంఘానికీ మధ్య తలెత్తిన వివాదం తెగలేదు. పారిస్‌తోనే టెన్నిస్ ఒలింపిక్స్ నుంచి నిష్క్రమించింది. పతకాల క్రీడగా తిరిగి వచ్చింది 1988లో. మిక్స్‌డ్ డబుల్స్ అయితే 2012 లండన్ ఒలింపిక్స్ దాకా రాలేదు. ఎనభై ఎనిమిదేళ్ల విరామం తరువాత ఆ విభాగంలో భారత్ తరఫున లియాండర్ పేస్‌తో కలిసి కోర్టులో దిగిన మహిళ హైదరాబాద్‌కు చెందిన సానియా మీర్జా. ఆ రోజుల్లో క్రీడా పేజీలు దిద్దుతూ మేమంతా సానియా పేరు ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. మెహ్రీ టాటాను తలచుకున్నట్టు మాత్రం నాకు గుర్తులేదు.

తాకట్టు పెట్టిన నగలు

ఇక వజ్రం. 1895లో దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గనిలో ఆరువందల యాభై కేరట్లకు పైబడిన రాయి ఒకటి దొరికింది. మొదట దానికి ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అధ్యక్షుడు రైట్జ్ పేరు పెట్టారు. సానపట్టిన తరువాత, 1897లో విక్టోరియా రాణి సింహాసనారోహణ వజ్రోత్సవం సందర్భంగా జూబిలీ వజ్రం అని నామకరణం చేశారు. తూకం 245.35 కేరట్లు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో పుట్టిందని మనం చెప్పుకునే కోహినూరు ఇప్పటి బరువు 105.6 కేరట్లు. అంటే ఇది దానికి రెండింతలకు మించినది. 1900 పారిస్ ప్రదర్శనలో ప్రపంచమంతా దీన్ని చూసింది. దొరాబ్జీ సుమారు లక్ష పౌండ్లు చెల్లించి భార్యకు కానుకగా ఇచ్చారు. విశేష సందర్భాల్లో ఆమె దాన్ని ప్లాటినం గొలుసుకు తగిలించి ధరించేవారు.

జంషెడ్జీ 1904లోనే మరణించారు. ఆయన తలపెట్టిన ఉక్కు సంస్థను దొరాబ్జీ 1907లో నెలకొల్పారు. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి సమీపంలోని సాక్చి అనే పల్లె వద్ద కర్మాగారం లేచింది. 1912లో తొలి ఉక్కు దిమ్మ బయటికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసపొటేమియాకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లాయి. అందుకు కృతజ్ఞతగా 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. యుద్ధకాలపు లాభాలను నమ్ముకొని సంస్థ భారీ విస్తరణకు పూనుకుంది. అక్కడే చిక్కు వచ్చింది. యంత్రాల ధరలు, రవాణా ఖర్చులు అంచనాలను మించాయి. బెల్జియం నుంచి, ఇతర ఐరోపా దేశాల నుంచి చౌక ఉక్కు బొంబాయి, కలకత్తా రేవుల్లో దిగింది. దుక్క ఇనుముకు పెద్ద కొనుగోలుదారైన జపాన్‌ను 1923 సెప్టెంబరులో భూకంపం ధ్వంసం చేసింది. కార్మికుల సమ్మెలూ తోడయ్యాయి.

1924లో జంషెడ్‌పూర్ నుంచి బొంబాయికి ఒక తంతి వచ్చింది. వేతనాలు చెల్లించడానికి సంస్థ వద్ద సొమ్ము చాలదని దాని సారాంశం. దొరాబ్జీ తన యావదాస్తిని ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయల రుణం తెచ్చారు. ఆ ఆస్తిలో మెహర్‌బాయి నగలున్నాయి, వాటిలో జూబిలీ వజ్రం ఉంది. ఆ బ్యాంకే తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయింది. ప్రభుత్వం విదేశీ ఉక్కుపై సుంకం విధించి రక్షణ కల్పించడం, విస్తరించిన విభాగాల ఉత్పత్తి అందిరావడంతో సంస్థ క్రమంగా గట్టెక్కింది. అప్పు తీరింది, నగలు ఇంటికి వచ్చాయి.

ఈ ఉదంతాన్ని చెప్పేవారు సాధారణంగా దొరాబ్జీ త్యాగంగానే చెబుతారు. వివాహిత ఒంటి మీది నగ ఎవరిది అన్నది మన ఇళ్లలో ఇవాళ్టికీ తెగని ప్రశ్న. ఇల్లు కట్టాలన్నా, పొలం విడిపించాలన్నా, పిల్లల చదువుకైనా ముందుగా బ్యాంకు గుమ్మం ఎక్కేది ఇల్లాలి బంగారమే. కొల్లగా ఉన్నవారి ఇంట్లోనూ, లేనివారి ఇంట్లోనూ అది ఒక్కటే. అందుచేత ఆ తాకట్టులో సగం పేరు ఆమెకు చెందుతుంది.

చెప్పవలసిన రెండో సంగతి, ఆ కాలపు జంషెడ్‌పూర్ కార్మికుడి కథ వజ్రంతోనే ముగియలేదు. ఎనిమిది గంటల పనిదినాన్ని ఆ కర్మాగారం 1912లోనే అమలు చేసిన మాట నిజం. అయినా 1920లో, 1922లో సమ్మెలు జరిగాయి. కార్మిక సంఘానికి గుర్తింపు కోసం దీనబంధు ఆండ్రూస్ పాటుపడ్డారు. 1925లో గాంధీజీ స్వయంగా వచ్చి ఇరుపక్షాలతో మాట్లాడారు. 1928లో మళ్లీ నెలల తరబడి సమ్మె సాగింది, సుభాష్ చంద్రబోస్ రంగంలోకి దిగవలసి వచ్చింది. తాకట్టు వల్ల ఆ నెల జీతాలు అందాయి. జీతం ఎంత ఉండాలన్న వాదన కొనసాగింది.

కోర్టు వెలుపల

మెహర్‌బాయి ఆటకు సమాంతరంగా మరో పని చేస్తూ వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. 1919లో ఆమెకు సీబీఈ బిరుదు లభించింది. బొంబాయి ప్రెసిడెన్సీ మహిళా మండలిలోనూ, 1925లో ఏర్పడిన భారత జాతీయ మహిళా మండలిలోనూ ఆమె వ్యవస్థాపకుల్లో ఒకరు. బాలికలకు ఉన్నత విద్య, పరదా నిర్మూలన, అస్పృశ్యత నివారణ, స్త్రీలకు ఓటు, ఇవి ఆమె తరచూ మాట్లాడిన అంశాలు. ఆ మండలి ద్వారా అంతర్జాతీయ మహిళా మండలిలో భారత స్త్రీలకు ప్రాతినిధ్యం దొరికింది.

వీటన్నిటిలో ఎక్కువ కాలం ఆమెను పట్టుకున్న విషయం బాల్య వివాహం. 1927 నవంబరు 29న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బ్యాటిల్ క్రీక్ కళాశాలలో ఆమె భారతీయ మహిళల స్థితిగతులపై ప్రసంగించారు, హిందూ వివాహ సంస్కరణ బిల్లును సమర్థించారు. ఆ సంవత్సరమే కాథరిన్ మేయో రాసిన పుస్తకం భారతీయ కుటుంబాన్ని అమెరికన్ పాఠకుల ముందు దోషిగా నిలబెట్టింది. అటువంటి వాతావరణంలో, పరాయిగడ్డ మీద, దేశాన్ని చులకన చేయకుండా దురాచారాన్ని ఖండించడం కత్తిమీద సామే. హరబిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం రూపకల్పనలో ఆమె సలహాలు తీసుకున్నారు. 1929లో ఆ చట్టం ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వచ్చింది. బాలికల కనీస వివాహ వయసు పద్నాలుగుగా నిర్ణయించారు. ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం పంతులు బాల్యవివాహాలపై కలం ఎత్తి అప్పటికి అర్ధశతాబ్ది దాటింది. శారదా చట్టం గడువు ముంచుకొస్తోందని ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో దేశమంతటా హడావిడిగా పసిపిల్లల పెళ్లిళ్లు జరిపించేశారు. మెహర్‌బాయి చూసిన వ్యతిరేకత ఎంత బలమైనదో ఆ ఒక్క విషయం చెబుతుంది.

ఆ తరువాత

1931లో ఆమెకు ల్యుకేమియా సోకింది. రక్త కేన్సర్‌కు అప్పుడు మందు లేదు, వ్యాధి స్వభావం గురించి వైద్యులకు తెలిసినదీ స్వల్పమే. చికిత్స కోసం ఇంగ్లండ్ తీసుకెళ్లారు. 1931 జూన్ 18న ఉత్తర వేల్స్‌లోని ఒక చికిత్సాలయంలో ఆమె కన్నుమూశారు. యాభై రెండో ఏడు నిండలేదు. లండన్‌కు నైరుతి దిక్కున సర్రీలోని బ్రూక్‌వుడ్ శ్మశానవాటికలో, మామగారు జంషెడ్జీ సమాధి ఉన్న చోటనే ఆమెనూ ఉంచారు.

దొరాబ్జీ ఆ తరువాత ఏడాది లోపే జీవించారు. ఆ కొద్ది నెలల్లో ఆయన చేసిన పనులన్నీ ఆమె చుట్టూ తిరిగినవే. 1932లో ల్యుకేమియా పరిశోధనకు లేడీ టాటా స్మారక ట్రస్టు, భారత మహిళలు ఉన్నత విద్యకు విదేశాలకు వెళ్లేందుకు లేడీ మెహర్‌బాయి డి. టాటా విద్యా ట్రస్టు ఏర్పడ్డాయి. అదే ఏడాది మార్చిలో తన యావదాస్తిని, భూములు, షేర్లు, ముత్యం పొదిగిన టై పిన్నుతో సహా, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టుకు రాసిచ్చారు. జూబిలీ వజ్రమూ అందులో చేరింది. భార్య సమాధిని దర్శించడానికి ఐరోపా వెళ్లిన ఆయన 1932 జూన్ 3న జర్మనీలోని బాడ్ కిస్సింగెన్‌లో మరణించారు. బ్రూక్‌వుడ్‌లో ఆమె పక్కనే ఆయనకూ చోటు దొరికింది.

1937లో ట్రస్టు జూబిలీ వజ్రాన్ని అమ్మివేసింది. కార్టియే సంస్థ ద్వారా అది పారిస్ పారిశ్రామికవేత్త పాల్ లూయీ వేయే చేతికి, కాలక్రమంలో లెబనాన్‌కు చెందిన నగల వ్యాపారి రాబర్ట్ మువాద్ సేకరణలోకి చేరింది. ఆ ట్రస్టు నిధులతో 1936లో బొంబాయిలో సామాజిక సేవా విద్యాసంస్థ ప్రారంభమైంది. 1941 ఫిబ్రవరి 28న టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రి తలుపులు తెరిచింది. మేనల్లుడు హోమీ భాభా కోరిక మేరకు 1945లో మౌలిక పరిశోధనా సంస్థకు ఊపిరి పోసినదీ ఆ ట్రస్టే. తెలుగు రాష్ట్రాల నుంచి కేన్సర్ చికిత్సకు ముంబయి రైలెక్కే కుటుంబాలు ఈనాటికీ పరేల్‌లోని ఆ ఆసుపత్రి ఆవరణలోనే దిగుతాయి.

జంషెడ్‌పూర్‌లో మెహర్‌బాయి టాటా స్మారక కేన్సర్ ఆసుపత్రి 1975లో మొదలైంది. నగరంలోని సర్ దొరాబ్జీ టాటా పార్కులో జూబిలీ వజ్రాన్ని తలపించే నిర్మాణం ఒకటి రాత్రివేళ దీపాలతో వెలుగుతూ కనిపిస్తుంది. అక్కడికి బిర్సానగర్ నుంచి వెళ్లాలంటే నగరం ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి.